ఇంటికి తినిపించిన చెయ్యి

గ్వాటెమాలా నగరం
1999 జనవరి 12

తమ్ముడు ఎవ్సేబియోకి క్రిసాంతా అక్క రాస్తున్నది.

ఇళ్ళు పూర్తయ్యాయి. ఆఖరి రేకు కూడా బిగించారని మా ఇంజినీరు ఆదాల్బెర్తో నిన్న కబురు చేశాడు. నవంబరు తుఫానులో కొండ జారి సెకాంతే ఊరి మీద పడ్డప్పుడు ప్రభుత్వం ఏం పంపిందో నీకు గుర్తుండే ఉంటుంది. ఒక హెలికాప్టరు, అందులో ఒక మంత్రి, ఆయన వెనకాల కెమెరాలు. తరవాత సైన్యం లారీలో దుప్పట్లు. ఆ లారీ కనబడగానే మీ ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మొక్కజొన్న చేలల్లోకి పరిగెత్తితే, ఇక్కడి పేపర్లు "అమాయక ఆదివాసులు వాహనాలకి బెదిరారు" అని రాశాయి. యుద్ధం రోజుల్లో అదే రంగు లారీల్లో ఎవరొచ్చారో, ఎవర్ని ఎక్కించుకుపోయారో రాయలేదు. నేను రాశాను. సంపాదకుడు సగం కోసేసి, మిగతా సగం వంటల పేజీ పక్కన వేశాడు.

అందుకే మేం ఈ సంఘం పెట్టుకున్నాం. మాయా భాషలు చదివినవాళ్ళం, మాయా చరిత్ర పాఠాలు చెప్పి జీతాలు తీసుకునేవాళ్ళం, మీ ముసలివాళ్ళ మాటలు రాసుకుని పట్టాలు తెచ్చుకున్నవాళ్ళం. ఆ ముసలివాళ్ళ మీద కొండ పడితే సంతాప తీర్మానం చేసి టీ తాగి ఇంటికి పోవాలా? పోకూడదన్నాను. సిగ్గుపడ్డవాళ్ళు కొందరు, సిగ్గుపడ్డట్టు కనిపించాలనుకున్నవాళ్ళు కొందరు చేరారు. ఏటి పక్కన పాత కాఫీ దొర నేలలో ఆ చదును నేల కొని ఇళ్ళు మొదలుపెట్టాం. సెలవులన్నీ మీ బురదలోనే గడిపాం. గొప్ప చెప్పుకోవడం లేదు, జరిగింది చెబుతున్నాను.

ఇంకో సంగతి. తాళంచెవి చేతిలో పెట్టి, ఫోటో తీసుకుని పోయే రకం కాదు మేం. కెక్చీ మాయా వాళ్ళు మూలమూలకీ కోడిపులుసు పెట్టి కొత్త ఇంటికి తినిపించకుండా అందులో పడుకోరని మాకు తెలుసు. మా బాల్తసార్ ఆ ఆచారం మీద దిండంత పుస్తకం రాశాడు. ప్రారంభం రోజున టర్కీ కోళ్ళు, కోకో పానీయం, ధూపం అన్నీ మేమే తెస్తున్నాం. మంత్రాలు చెప్పే పెద్దాయన్ని కోబాన్ పట్నం నుంచి పిలిపిస్తున్నాం. మీకు ఏ ఖర్చూ వద్దు, ఏ శ్రమా వద్దు. అసలే చితికిపోయి ఉన్నారు.

పిన్నికి చెప్పు. మీ అమ్మ ఇంటికి నా చేత్తో నేనే తినిపిస్తాను. వానలు మొదలయ్యేలోపు ఆవిడ ఆ కొండ దిగాలి. మిగిలిన సగం కొండ కూడా ఎక్కువ కాలం నిలవదని ఆదాల్బెర్తో అంటున్నాడు. నాకు కావలసింది అదొక్కటే.

క్రిసాంతా


సెకాంతే
ఫిబ్రవరి 9

అక్కకి,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ప్రారంభం బాగా జరిగింది. అంతమంది చదువుకున్నవాళ్ళు మా ఊళ్ళో ఎప్పుడూ దిగలేదు. పులుసు బాగుందని అందరూ అన్నారు, కొంచెం ఉప్పు తక్కువన్నారు. కోబాన్ పెద్దాయన గొంతు మంచిది. కొవ్వొత్తులు కూడా మంచివే, గాలికి ఆరలేదు. బాల్తసార్ గారు నా బడి చూసి, నా పలకల మీద ఏముందో రాసుకుని వెళ్ళారు. అది ఆ రోజు ఎక్కాలు.

నువ్వు సన్నబడ్డావని అమ్మ అంటోంది. నగరంలో ఏం తింటావని అడిగింది. నువ్వే రాయి.

యాలకుల కోత ఇంకా మిగిలి ఉంది. అది అయ్యాక కదలడం గురించి చూద్దామంటోంది.

ఊరి పెద్ద తాత మాతేయో ఒక మాట అడగమన్నాడు. మీ వాళ్ళు మళ్ళీ ఎప్పుడు వస్తారట? సామాన్లతో వస్తారా అని కూడా అడిగాడు.

ఉంటాను.

ఎవ్సేబియో


గ్వాటెమాలా నగరం
మార్చి 8

ఎవ్సేబియోకి,

సామాన్లేమిటి? మందులూ వంటపాత్రలూ జనవరిలోనే పంపాం కదా. ఇంకా ఏం కావాలో సూటిగా రాయమని తాతకి చెప్పు.

అసలు సంగతి వేరే. ఆదాల్బెర్తో పోయిన వారం అటు వచ్చాడు. మీ ఎవరికీ చెప్పకుండా చదును దగ్గర బస్సు దిగి చూసి పోయాడు. ఒక్క ఇంట్లోనూ పొగ లేదట. ఒక్క తీగ మీద బట్ట ఆరేసి లేదట. తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయట. గుమ్మాలు మాత్రం ఎవరో రోజూ ఊడుస్తున్నట్టు శుభ్రంగా ఉన్నాయన్నాడు. మనుషులుండని ఇళ్ళకి చీపురు ఎందుకు?

పైకి చూస్తే కొండ మీద, విరిగిన ఇళ్ళ మధ్య, ప్లాస్టిక్ పట్టాల కింద అందరూ ఉన్నారట. పిన్ని పొయ్యి పొగ కూడా కనబడిందట.

నాకు కోపం రాకుండా ఎలా ఉంటుందో చెప్పు. ఈ దేశంలో ఆదివాసులకి ఇచ్చిందంతా వృథా అనేవాళ్ళతో పాతికేళ్ళుగా పోట్లాడుతున్నాను. పేపర్లో, రేడియోలో, పెళ్ళి భోజనాల్లో కూడా పోట్లాడాను. ఇప్పుడు వాళ్ళందరికీ మీరు ఖాళీ ఇళ్ళు చూపిస్తున్నారు. "అలవాటు పడలేరు, పాపం, బురదే వాళ్ళకి సుఖం" అని రేపు ఎవడో రాస్తాడు. జవాబు రాయాల్సింది నేను. ఏం రాయను?

కారణం రాయి. యాలకులని మళ్ళీ రాయకు. యాలకుల కోత ఎప్పుడైపోతుందో నాకు తెలియదనుకుంటున్నావా?

క్రిసాంతా


సెకాంతే
మార్చి 27

అక్కకి,

నీ ప్రశ్న పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఓలివేరియా వదిన: "ఆ రేకుల కింద మధ్యాహ్నం పూట రొట్టె పొయ్యి లేకుండానే కాలుతుంది. నేను మాడిపోతే మీ అన్నకి ఎవరు వండుతారు?"

ఆవిడ మొగుడు: "నా కుక్క గుమ్మం దాటలేదు. తోక లోపలికి పెట్టుకుని మొరిగింది. కుక్కకి తెలియనిది నాకేం తెలుస్తుంది?"

తాత మాతేయో: "ఏరు మరీ దగ్గర. రాత్రంతా మాట్లాడుతూనే ఉంటుంది. నా పెళ్ళాం పోయాక ఇప్పుడిప్పుడే నిద్ర పడుతోంది."

వీటిలో ఏదీ అబద్ధం కాదు. రేకులు వేడే, ఏరు దగ్గరే.

నీకు తెలియాల్సింది ఇంకొకటి ఉంది. మా ఇంటి పైన, యాలకులు ఎండబెట్టే భట్టీ వెనకాల నేల చీలింది. ఫిబ్రవరిలో వేలు దూరేది. ఇప్పుడు మోచెయ్యి దాకా దూరుతుంది. మొన్న మా పెట్ట అందులో గుడ్డు పెడితే తీయడానికి పడుకోవలసి వచ్చింది. అమ్మ ఆ గుడ్డుని చూసి, "చోటు చూసుకోకుండా ఇదీ తొందరపడింది" అంది.

ఎవ్సేబియో


గ్వాటెమాలా నగరం
ఏప్రిల్ 14

ఎవ్సేబియోకి,

కుక్క తోక గురించి నాకు ఉత్తరం రాశావు. మోచెయ్యి దాకా చీలిక ఉందని రాసి, కింద సంతకం పెట్టి ఊరుకున్నావు. నువ్వు బడిపంతులివేనా? చీలిన కొండ కింద నా పిన్ని నిద్రపోతోంది. నాన్నని సైన్యం వాళ్ళు తీసుకుపోయి, అమ్మ ఆ దిగులుతోనే పోయాక నన్ను తన పిల్లలతో పాటు ఒకే చాప మీద పడుకోబెట్టుకున్న మనిషి ఆవిడ. అంత చిన్న విషయంగా రాశావేం?

ఇక్కడ ఏం జరుగుతోందో విను. మొన్న సంఘం మీటింగులో కోశాధికారి లేచి, "వాళ్ళకి కృతజ్ఞత లేదు" అన్నాడు. నేను లేచాను. కృతజ్ఞత కోసం కట్టినవాడు ఇల్లు కట్టలేదని, బోను కట్టాడని అన్నాను. పన్ను కట్టే మనిషి రోడ్డు వేసినందుకు ప్రభుత్వానికి దండం పెడుతున్నాడా, ఆదివాసి మాత్రం రేకు వేసినందుకు ఎందుకు పెట్టాలి అని అడిగాను. గట్టిగానే అడిగాను. ఇద్దరు బయటికి వెళ్ళిపోయారు.

అంతా అయ్యాక బస్సులో ఒక్కదాన్నే కూర్చుని, నాలో నేను అదే మాట అనుకున్నాను. కృతజ్ఞత లేదు అని. ఆ మాట నా నోటి వెనకాలే ఉందని తెలిసి ఒళ్ళు మండింది. వాడి మీద, మీ మీద, నా మీద.

మీరు ఏదో దాస్తున్నారు. వినేవాళ్ళు నొచ్చుకుంటారనుకుంటే మీ ఊళ్ళో నోరు విప్పరు. అది మర్యాద అంటారు. మర్యాదతో మనుషులు చచ్చిపోతే దాన్ని నేనేమనాలి? నిజం రాయి. నొచ్చుకునేది నేను, నొచ్చుకోనీ.

క్రిసాంతా


సెకాంతే
ఏప్రిల్ 25

అక్కకి,

నిజం అడిగావు. చెప్పనా అని అమ్మని అడిగాను. "కడుపునిండా పెట్టినవాళ్ళతో ఈ కూడు మాది కాదని ఎలా అంటావురా? దాని మనసు విరుగుతుంది" అంది. మర్నాడు, "చెప్పు. కానీ మెల్లిగా చెప్పు" అంది. మెల్లిగా చెప్పడం నాకు రాదు.

ఇంటికి తినిపించేది ఎవరు అక్కా? అందులో కాపురం ఉండబోయేవాళ్ళు. కోడిని ఆ ఇల్లాలే పెంచాలి. పులుసు ఆమె కుండలోనే ఉడకాలి. మగడు ఆ పులుసు నాలుగు మూలలా పెడతాడు, ఇల్లాలు గుమ్మానికీ దూలానికీ పూస్తుంది. ఇద్దరూ తెల్లారేదాకా మేలుకుంటారు. ఇంటికి కళ్ళు లేవు. తినిపించిన చేతి వాసన పట్టే తనవాళ్ళెవరో తెలుసుకుంటుంది. ఆ చెయ్యి కాని మనిషి లోపల పడుకుంటే, ఆకలేసిన రోజున ఆ మనిషినే తింటుంది. ముందు పిల్లలకి జ్వరం వస్తుంది.

మీరు బస్సు దిగారు. ఒక్కో పండితుడు ఒక్కో ఇంటి ముందు నిలబడ్డారు. కోళ్ళు మీవి, కుండలు మీవి. మూలల్లో పెట్టింది మీరు, దూలానికి పూసింది మీరు. మాకు కొవ్వొత్తులిచ్చి పక్కన నిలబెట్టారు. మేం ఏమనుకోవాలి? ఈ ఇళ్ళు మీకోసమే కట్టుకున్నారనుకున్నాం.

ఆ రోజు నా వెనకాల మాటలు ఇవి.

"పాపం, అంత చదువుకుని ఈ రేకుల కింద ఉంటారా?" అని ఓలివేరియా వదిన.

"మనల్ని చూసి రాసుకోవడానికి ప్రతిసారీ బస్సు ఛార్జీలెందుకని ఇక్కడే దిగుతున్నారే" అని తాత మాతేయో.

"ఆ లావుపాటాయన నాకు పొరుగైతే నేను కొండ మీదే ఉంటాను తాతా. అడిగిందే అడుగుతాడు. ఇందాక మా అత్త పేరు మూడుసార్లు అడిగాడు" అని బాల్తసార్ గారిని చూసి మళ్ళీ వదిన.

"నాలుగోసారి అడిగితే నీ పేరు చెప్పు. అత్త పేరు అరిగిపోతుంది."

ఫిబ్రవరి అంతా ఎదురుచూశాం. సామాన్లతో వస్తారా అని తాత అడిగింది అందుకే. మార్చిలో నీ కోపం చూశాక, ఇళ్ళు మనవేనట అని మళ్ళీ చదివి చెప్పాను. తాత నవ్వాడు. "కాగితం మీద మనవే పంతులూ. ఇంటికి చదువు రాదుగా" అన్నాడు.

గుమ్మాలు ఊడుస్తున్నది అమ్మ. నీది ఊడ్చి, చేతిలో చీపురు ఉంది కదా అని పక్కవి కూడా ఊడ్చి వస్తుంది. నువ్వొచ్చేసరికి దుమ్ము ఉండకూడదట.

ఎవ్సేబియో


గ్వాటెమాలా నగరం
మే 4

తమ్ముడికి,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. తరవాత నవ్వలేదు.

బాల్తసార్ పుస్తకం తీసి తిరగేశాను. ఏం పెట్టాలో ఉంది. ఎంత పెట్టాలో, ఏ మూల ముందో, ధూపం ఏ వైపు పట్టాలో బొమ్మతో సహా ఉంది. ఎవరు పెట్టాలో ఎక్కడా లేదు. చెప్పినవాళ్ళకి అదొక చెప్పాల్సిన విషయమని తోచి ఉండదు. అడిగినవాడికి అడగాలని తోచలేదు. మీ దగ్గర కోడి పెంచుకునే దిక్కు లేదు కాబట్టి మేం తెస్తే దయ అనుకున్నాం. మిమ్మల్ని కష్టపెట్టకూడదనుకుని, మిమ్మల్నే పక్కకి తీసేశాం. ప్రభుత్వం కూడా సరిగ్గా ఇదే చేస్తుంది, మాకున్నంత మర్యాద లేకుండా. ఇది ఒప్పుకోవడానికి నాకు నువ్వు అవసరం లేదు. నాకు లెక్కలు వచ్చు.

కానీ నీకూ ఒక మాట. నువ్వక్కడే ఉన్నావు. నేను చెయ్యి ఆ పులుసులో ముంచేముందు, "అక్కా, ఆగు" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఇంతమంది కొవ్వొత్తులు పట్టుకుని ఒక తప్పుని చూస్తూ నిలబడటం కూడా మర్యాదేనా? ఐదొందల ఏళ్ళుగా వచ్చిన ప్రతివాడి ముందూ ఇలాగే నిలబడ్డాం. నేను పోట్లాడేది వాళ్ళ పొగరుతో మాత్రమే కాదు, మన మౌనంతో కూడా.

నాకు తెలిసి ఉండాల్సింది అని నువ్వు రాయలేదు. అనుకుని ఉంటావు. ఎలా తెలుస్తుంది? చిన్నప్పుడే కోబాన్‌లో సన్యాసినుల బడికి పంపారు. తరవాత హాస్టళ్ళు, ఆ తరవాత అద్దె గదులు. ఇంటికి తినిపించే పని నాకు ఎప్పుడూ పడలేదు.

సరే. దారి చెప్పండి. మీ చేతులతో మళ్ళీ తినిపించండి, కోళ్ళు మీవే, నేను ఒక్క పైసా పంపను. అలా కుదురుతుందా? తాతని అడిగి వెంటనే రాయి. మేఘాలు దక్షిణాన పట్టాయని రేడియోలో చెబుతున్నారు.

క్రిసాంతా


సెకాంతే
మే 15

అక్కకి,

"ఆగు" అనలేదు, నిజమే. నువ్వు చాలా సంతోషంగా ఉన్నావు. నిన్ను అంత సంతోషంగా నేను చూసి చాలా ఏళ్ళయింది.

పెద్దవాళ్ళు కూర్చున్నారు. రెండు పూటలు మాట్లాడుకున్నారు. అందులో ఒక పూట బాల్తసార్ గారి గురించే.

ఒకరి చేతి తిండి తిన్న ఇంటికి ఇంకొకరు మీద మీద తినిపించడం కుదరదన్నాడు తాత మాతేయో. "ఇద్దరు పెళ్ళాలున్నవాడి గతి పడుతుంది ఇంటికి. ఎవరి మాటా వినదు." అతని తండ్రి కాలంలో ఇల్లు చేతులు మారితే ఒక పద్ధతి ఉండేదట. తినిపించినవాళ్ళు వచ్చి, ఆ ఇంట్లో వండుకుని తిని, ఒక రాత్రి పడుకుని, పొద్దున తమ చేత్తో పొయ్యి ఆర్పేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. అప్పుడు ఇల్లు వాళ్ళని వదిలేస్తుంది. తరవాత మేం మా కోళ్ళతో మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.

కాబట్టి మీ పండితులు రావాలి. ప్రతివాళ్ళూ, ఎవరు ఏ ఇంటికి పెట్టారో ఆ ఇంటికి. వంట తెలియనివాళ్ళకి ఓలివేరియా వదిన బయట నిలబడి చెబుతుందట, లోపలికి మాత్రం రాదట. "లావుపాటాయనకి మాత్రం నేను చెప్పను, రాసుకుంటూ కూర్చుంటాడు, మాడిపోతుంది" అంది.

మొదటి వాన పడింది. చీలికలోకి నీళ్ళు పోతున్న చప్పుడు ఇంట్లోకి వినబడుతోంది. నేను కింద బడిలో పడుకుంటున్నాను, పెళ్ళాం పిల్లలతో. అమ్మ రానంటోంది. "క్రిసాంతా ఇంట్లో దాన్ని అడక్కుండా ఎలా పడుకుంటాను? బళ్ళో పడుకోవడానికి నేనేమన్నా అక్షరాలు నేర్చుకోవాలా?" అంటోంది.

తొందరగా రాయి.

ఎవ్సేబియో


గ్వాటెమాలా నగరం
మే 26

తమ్ముడికి,

మీటింగు పెట్టాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, పక్షపాతం లేకుండా రాయడానికి ప్రయత్నిస్తాను, కుదరకపోతే క్షమించు.

తాత చెప్పిన పద్ధతి చదివి వినిపించాను. చరిత్ర ఆచార్యుడికి పరీక్ష పేపర్లు దిద్దాలి. శాసనాలు చదివే ఆవిడకి నడుము నొప్పి, చాప మీద పడుకోలేదు. ఒకాయన విదేశంలో సదస్సుకి వెళ్తున్నాడు, మాయా జీవనంలో ఇంటి పవిత్రత గురించి మాట్లాడటానికి. నేను అబద్ధం రాయడం లేదు.

బాల్తసార్ కళ్ళు మెరిశాయి. "అద్భుతం! ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ నమోదు చేయలేదు" అన్నాడు. వస్తావా అన్నాను. "మనం జోక్యం చేసుకోకూడదు క్రిసాంతా. వాళ్ళు దీన్ని తమంతట తాము ఎలా పరిష్కరించుకుంటారో చూడాలి" అన్నాడు. నీ చేత్తో వాళ్ళ దూలానికి పులుసు పూసినప్పుడు అది జోక్యం కాదా అన్నాను. అది భాగస్వామ్యం అట. కొండ జారి నువ్వు తినిపించిన ఇంటివాళ్ళు దాని కింద పడితే దాన్నేమంటావు అన్నాను. నేను ఉద్రేకపడుతున్నానన్నాడు.

ఆ తరవాత కోశాధికారి దాతలకి పంపాల్సిన నివేదిక తీశాడు. "కుటుంబాలన్నీ ఆనందంగా స్థిరపడ్డాయి" అని రాసి ఉంది. అధ్యక్షురాలిని కాబట్టి నా సంతకం కావాలన్నాడు. ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి, తప్పు మనది, అలా రాస్తే పెడతానన్నాను. అలా రాస్తే ఇంకెప్పుడూ ఎవరూ ఏమీ ఇవ్వరన్నాడు. అధ్యక్ష పదవి అక్కడే వదిలేశాను. ఎవరూ ఆపలేదు. కొంతమందికి ఊపిరి తీసుకోవడం సులువైందనుకుంటాను.

ఆదాల్బెర్తో వస్తానన్నాడు. భాషల విభాగం నుంచి ఇద్దరు ఆడపిల్లలు వస్తారు. నేను వస్తాను. అంతే. మిగతా ఇళ్ళ సంగతి తాతనే ఏదో ఒకటి తేల్చమను. నాకు తోచడం లేదు.

ఆదివారం బయలుదేరుతాం. నేను వండుకుంటాను, పడుకుంటాను, పొద్దున పొయ్యి ఆర్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాను. ఇల్లు నన్ను వదిలేస్తుంది. ఆ రోజే పిన్నిని దింపు. మోసుకొచ్చినా సరే.

క్రిసాంతా


సెకాంతే
జూన్ 14

అక్కకి,

వంతెన కొట్టుకుపోయిందని, మీ బస్సు వెనక్కి తిరిగిందని వారం తరవాత తెలిసింది. ఈ ఉత్తరం ఓలివేరియా వదిన మొగుడు ఏరు దాటి నడిచి తెస్తున్నాడు. కుక్క కూడా వస్తానంది, వద్దన్నాడు.

కొండ పడింది. మధ్యాహ్నం పూట పడింది. పెద్ద చప్పుడేమీ లేదు. యాలకుల భట్టీ ముందుకి ఒరిగి, తరవాత మా ఇల్లు, తాత మాతేయో ఇల్లు, దారి అన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచినట్టు వెళ్ళాయి. ఎవరూ పోలేదు. కొండ మీద ఎవరూ లేరు.

నీ ఉత్తరం వచ్చిన రోజున చదివి వినిపించాను. పండితుల సంగతి విని ఎవరూ ఆశ్చర్యపోలేదు. "నలుగురు వచ్చి నాలుగు ఇళ్ళు వదిలితే మిగతావాళ్ళం వానలో నిలబడి చప్పట్లు కొట్టాలా?" అంది ఓలివేరియా వదిన. మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకుని చదునుకి దిగి, ఆదాల్బెర్తో గారు తినిపించిన సిమెంటు ఇంటి వెనకాల నాలుగు గుంజలు పాతింది. పైన తాటాకు, చుట్టూ పాత ఇంటి చెక్కలు. వంటిల్లు. ఒక్కటే ఒక్క కోడి మిగిలింది ఆవిడకి, బక్కది. దాన్నే కోసి, తన కుండలో ఉడికించి, తన చేత్తో గుంజలకి పూసింది. ఆ రాత్రి అక్కడే పడుకుంది. పొద్దున లేచి, "నన్ను తినలేదు, చూడండి" అంది. వారంలో ప్రతి సిమెంటు ఇంటి వెనకాలా ఒక వంటిల్లు లేచింది. మేం కట్టుకోవడానికి పెద్ద పండితులు అక్కర్లేదు. నేల చదునుగా ఉంటే చాలు. చదును నేల మీరిచ్చిందే, అది ఎవరూ మరచిపోలేదు.

అమ్మ ఆఖరున దిగింది. నీ ఇంటి వెనకాలే కట్టించుకుంది. కొండ పడేటప్పుడు అందులో కూర్చుని బీన్సు ఏరుతోంది. తలెత్తి చూసి, మళ్ళీ ఏరుకుంది.

మిగతా పండితులకి రానక్కర్లేదని చెప్పు. ఆ ఇళ్ళలో మొక్కజొన్న ఆరబెడుతున్నాం. సిమెంటు నేల, తేమ లేదు, చాలా బాగుంది. బాల్తసార్ గారి ఇంట్లో కోళ్ళని పెట్టారు. వానాకాలంలో కూడా గుడ్లు పెడుతున్నాయి. ఆ సంగతి ఆయనకి రాయమంటే రాస్తాను, నమోదు చేసుకుంటారు.

నీ ఇంట్లో మాత్రం అమ్మ ఏమీ పెట్టనివ్వడం లేదు. మొక్కజొన్న మూట ఒకటి పెట్టబోతే తిట్టింది.

ఆవిడ మాట చెబుతున్నాను, నా మాట కాదు. "దానికి రాయి. పొయ్యి ఆర్పడానికి రావొద్దని రాయి. దానికి ఎక్కడా ఇల్లు లేదు. తెలియకే తినిపించింది, అయినా తినిపించింది. ఇల్లు దాని చెయ్యి గుర్తుపెట్టుకుని కూర్చుంది. అది వదిలించుకోవడం దేనికి? వచ్చి వండుకోమను, తినమను, పడుకోమను. పొయ్యి ఆర్పొద్దని చెప్పు."

ఎవ్సేబియో


గ్వాటెమాలా నగరం
జూన్ 28

తమ్ముడికి,

వంతెన మీద చెక్కలు వేశారని కండక్టరు చెప్పాడు. శనివారం బస్సుకి వస్తున్నాను. ఆదాల్బెర్తో కూడా వస్తున్నాడు. తన ఇల్లు ఓలివేరియాకి వదిలేస్తాడట, పొయ్యి ఎలా వెలిగించాలో ముందు ఆవిడే నేర్పాలి.

ఒక విషయం స్పష్టంగా ఉండాలి. సిమెంటు ఇల్లు కోడిపులుసు వాసన పట్టి మనిషిని గుర్తుపడుతుందని నేను నమ్మను. నమ్మినట్టు తాత మాతేయోకి చెప్పకు. ఇళ్ళు మీకోసం కట్టాం, నాకోసం కాదు. దీని మీద పిన్నితో వాదించాల్సింది చాలా ఉంది, వచ్చాక వాదిస్తాను. ఒక చాప, ఒక కుండ తెస్తున్నాను.

ఈలోపు గుమ్మం ఊడవడం మానేయమని పిన్నికి చెప్పు. నా ఇల్లు నేను ఊడ్చుకుంటాను.

క్రిసాంతా